వలెను

రాత్రి తొమ్మిదికి వచ్చింది బిల్లు,
వానకి తడిసిన గోధుమరంగు కవర్లో.
తెల్లారేసరికి పార్లమెంటు బల్లల మీద
ప్రతులన్నీ ఉండాలన్నాడు ఫోర్‌మన్ చెరుయోట్.

నా పేరు మ్వికాలి.
నైరోబీ ప్రభుత్వ ముద్రణాలయంలో
పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను.
అర్థం నా పని కాదు.
కామా నా పని. విరిగిన సున్నా నా పని.
అచ్చయ్యాక దొరికిన తప్పుకి
సంజాయిషీ రాసుకోవడం నా పని.

పదిహేడో క్లాజు దగ్గర ఎర్రకలం ఆగింది.
పాత చట్టంలో ఇలా ఉంది:
పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో
న్యాయమూర్తి ఎదుట హాజరు పరచవలెను.
సవరణలు రెండు. చిన్నవే.
గంటలు కొట్టేసి తొంభై రోజులు.
'వలెను' కొట్టేసి 'వచ్చును'.

వచ్చును.
వాన రావచ్చును. బస్సు రావచ్చును.
కొడుకు రావచ్చును.
ఈ మాటని నమ్ముకుని
ఎవరూ పొయ్యి మీద ఎసరు పెట్టరు.

అక్షరదోషం లేదు. టిక్కు పెట్టాను.

నిజం చెప్పాలి గదా,
టిక్కు పెట్టిన చెయ్యి వణకలేదు.
బస్టాండులో ఆ సంచీ పేలినప్పుడు
మా తమ్ముడు కియోకో ఒక కాలు మటాటూ మెట్టు మీద పెట్టి ఉన్నాడు.
ఇప్పుడు వాడితో మాట్లాడాలంటే కుడి పక్కన కూచోవాలి.
ఎడమ చెవిలో ఎప్పుడూ
టీ కెటిల్ ఈలేస్తోందంటాడు.
అమ్మ ఆ రోజు నుంచీ రేడియో పెట్టదు.
లోపలెయ్యండి వాళ్ళని, అనుకున్నాను,
తొంభై కాదు, తొమ్మిది వందల రోజులు.
'వాళ్ళు' అన్న మాటకి
నా దగ్గర కూడా నిర్వచనాల క్లాజు లేదు.

మర్నాడు సభ. టీవీలో చూశాం, యంత్రాల చప్పుడులో.
ఒకాయన కాయితాలు చింపి గాల్లోకి విసిరాడు.
ఉత్తరపు ఎడారి నుంచి వచ్చిన ముసలి సభ్యురాలు లేచి
ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టకండి, అంది.
ఇంకేదో అనబోతే మైకు ఆగిపోయింది.
సభలో నవ్వులు, అని రికార్డులో పడింది.
ఆ 'నవ్వులు' కూడా నేనే దిద్దాను.
అవునన్నవాళ్ళ గొంతు పెద్దదన్నాడు సభాపతి.

మా గేటు దగ్గర ఒంటెపాల టీ అమ్ముతుంది హబీబో.
ఆ నెలలోనే ఆమె కొడుకు వర్సమేని తీసుకుపోయారు.
ఈస్ట్‌లీలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు.
ఎవరి ఫోను బాగుచేశాడో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు.
ఒక చొక్కా, ఉబ్బసం మందు సంచిలో పెట్టుకుని
ఏడు స్టేషన్లు తిరిగింది.
ఏడు చోట్లా ఒకటే మాట, మా పుస్తకంలో పేరు లేదు.
ఒక పొద్దున నా చేతిలో గ్లాసు పెట్టి అంది:
చట్టాలు అచ్చేసేది మీరేగా, అమ్మా,
వాడు ఏ పేజీలో ఉన్నాడో కాస్త చూడు.

ఆ రోజు టీ డబ్బులివ్వడం మరిచిపోయాను.
ఆమె కూడా అడగలేదు.

ఐదు వారాలకి హైకోర్టు ఉత్తర్వు వచ్చింది, గెజిట్‌లో వెయ్యమని.
పదకొండు పేజీలు. అదే అచ్చు, అదే సిరా,
రెండేళ్ళుగా గుంటపడ్డ అదే నా కుర్చీ.
పదిహేడో క్లాజు అమలు నిలిపివేయడమైనది.
ఆఖరి పేజీలో మళ్ళీ కనిపించింది,
పాత ఊళ్ళో తెలిసిన మొహంలా: పరచవలెను.
ఆ పేజీ మటుకు రెండుసార్లు చదివాను,
ఒకసారి తప్పుల కోసం.

నలభై ఒకటో రోజున వర్సమేని బోనెక్కించారు.
జడ్జి పేరడిగిందట. వాడికి దగ్గు తెర పట్టుకుందట.
పోలీసాయన చెప్పబోతే చెయ్యెత్తి ఆపి,
దగ్గు తగ్గేదాకా ఆగిందట.
హబీబో ఆ సంగతొక్కటే చెప్పింది,
మూడుసార్లు చెప్పింది.

ఆ రాత్రి తమ్ముడికి కుడి పక్కన కూచుని
ఇదంతా చెప్పాను.
చాలాసేపు గోడ వంక చూశాడు.
ఇంతకీ ఆ కుర్రాడు చేశాడా, అన్నాడు.

తెలీదు కియోకో.
ఇప్పుడు అడుగుతారు.